వేళ్ళు విచ్చుకునేదాకా

మా వీధి మలుపులో, రోడ్డు వైపు కిటికీ ఉన్న ఇల్లు మిషనక్కది. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉంది గానీ, దాన్ని ఎవరూ వాడగా నేను వినలేదు. పెళ్ళై ఈ ఊరు వచ్చేటప్పుడు వాళ్ళ పిన్ని ఇచ్చిన పాత కుట్టుమిషనును వెంట తెచ్చుకుంది. వారం తిరక్కుండానే ఊరందరికీ మిషనక్క అయిపోయింది. నేను ఇక్కడి బడిలో పంతులమ్మని. మా పిల్లల యూనిఫారాలన్నీ ఇరవయ్యేళ్ళపాటు ఆవిడ చేతుల మీదుగానే వచ్చాయి.

కిటికీ కింద మిషను, గోడవారన ఒక బల్ల, తలుపు వెనక మేకుకు వేలాడే కొలత టేపు. అంతే ఆ ముందుగది. బల్ల మీద ముగ్గురికి చోటుంటే ఐదుగురు కూర్చునేవారు. గుండీ ఊడిందని వచ్చినవాళ్ళు కూడా గంట దాకా కదిలేవారు కాదు. ఊళ్ళో ఏ సంగతైనా ముందు ఆ గదిలో తేలాకే వీధిలోకి వెళ్ళేది. మిషనక్క తల ఎత్తకుండా తొక్కుతూనే మధ్యలో ఒక్కమాట విసిరేది. ఒకసారి ఒకావిడ, మొగుడు రెండు రోజులుగా మాట్లాడ్డం లేదని కళ్ళొత్తుకుంటుంటే, "రెండ్రోజులేగా! మా ఆయనకి నేను మాట్లాడేది వినపడనే వినపడదు. అందుకే ఇన్నేళ్ళుగా హాయిగా కాపురం చేస్తున్నాం" అంది. ఏడుస్తున్న మనిషి కూడా నవ్వేసింది. వాళ్ళాయన కోతమిల్లులో పనిచేస్తాడు. రంపం హోరుకి ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడిది సగమే పనిచేస్తుంది.

నలభై రెండో ఏట, ఒక చలికాలం ఉదయం ఆవిడకు వేళ్ళు ముడుచుకోలేదు. చన్నీళ్ళలో బట్టలుతికినందుకేమోలే అనుకుంది. వారం తర్వాత సూదిలో దారం ఎక్కించలేకపోయింది. కణుపులు వాచి, ముట్టుకుంటే వేడిగా కాలిపోయేవి. మందుల షాపతను ఇచ్చిన నొప్పి బిళ్ళలతో ఆరు నెలలు నెట్టుకొచ్చి, చివరికి పట్నంలో పెద్దాసుపత్రికి వెళ్ళింది. డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం చూసి విడమరిచి చెప్పింది. ఇది ముసలితనంలో వచ్చే కీళ్ళనొప్పి కాదు. ఒంటిని కాచుకోవలసిన శక్తే ఎదురు తిరిగి కీళ్ళను కొరికేస్తుంది. మందులతో అదుపులో పెట్టవచ్చు గానీ పూర్తిగా పోదు.

"ఎన్నాళ్ళు వాడాలమ్మా?" అని అడిగింది మిషనక్క.

"ఉన్నన్నాళ్ళూ."

ఆ రోజు బస్సులో కూర్చుంటే ఆ ఒక్కమాటే పక్క సీట్లో కూర్చున్నట్టుగా ఉందని నాతో తర్వాతెప్పుడో అంది.

మొదటి నెల అందరూ వచ్చారు. తలో వైద్యం చెప్పారు. ఒకరు ఆముదం రాయమన్నారు, ఒకరు ఉప్పు కాపడం పెట్టమన్నారు, ఇంకొకరు పట్నం మందులు మానెయ్యమన్నారు. "మనూళ్ళో ఇంతమంది డాక్టర్లున్నారని తెలీక అంతదూరం పరిగెత్తాను చూడు" అని మిషనక్కే నవ్వించింది. రెండో నెలకి సగం మంది తగ్గారు. జబ్బు కొత్తగా ఉన్నంతకాలమే జనానికి ఓపిక ఉంటుంది. అది పాతబడి, పోకుండా, చంపకుండా కూర్చుంటే దానితో ఏం చెయ్యాలో ఎవరికీ తెలియదు.

పైగా ఈ జబ్బుకు ఒక పాడు గుణం ఉంది. పొద్దున మనిషిని కొయ్యలా బిగదీస్తుంది, మధ్యాహ్నానికి కాస్త వదులుతుంది. ఊరు ఆవిడను చూసేది మధ్యాహ్నం పూట. పక్కవాటాలో ఉండే తోటికోడలు ఒకరోజు గుమ్మంలో నిలబడి, "ఏంటక్కా, పొద్దున చీపురు పట్టుకోలేనన్నావు, ఇప్పుడు చూస్తే గుండ్రాయిలా ఉన్నావు" అంది. ఆ మాటలో కుళ్ళేమీ లేదు. కంటికి కనిపించిందే అంది. కానీ ఆ రోజు నుంచి మిషనక్క ఎవరడిగినా "బానే ఉన్నా" అనడం మొదలుపెట్టింది. నొప్పి పడటం కన్నా, అడిగినవాళ్ళకి విసుగు రాకుండా దాని గురించి చెప్పడమే కష్టమట.

నా సంగతి కూడా చెప్పాలి. ఆ ఏడాది బడి తెరిచేముందు అరవై యూనిఫారాలకి గుడ్డ ఇచ్చాను. గడువు నాటికి ఇరవై రెండే అయ్యాయి. బస్టాండు దగ్గర కొత్తగా పెట్టిన దుకాణంలో ఇద్దాంలే అనుకుని వెళ్ళి, మర్యాదగానే గుడ్డ వెనక్కి అడిగాను. మిగిలిన గుడ్డ మడత పెట్టి ఇవ్వడానికి ఆవిడకి చాలాసేపు పట్టింది. అరచేతులతో నొక్కుతూ, మోచేత్తో అదుముతూ మడత పెట్టింది. నేను సాయం చెయ్యలేదు. గడియారం చూసుకుంటూ నిలబడ్డాను. ఆ తర్వాత ఏడేళ్ళు ఆ గడప తొక్కలేదు.

అందరూ నాలాగే ఏదో ఒక కారణంతో మానేశారు. బల్ల ఖాళీ అయింది. మిషను మీద దుప్పటి కప్పేసింది.

వాళ్ళాయన చెడ్డవాడేం కాదు. నీళ్ళు తనే మోసేవాడు, అన్నం తనే వార్చేవాడు, ఏడింటికల్లా మిల్లుకి పోయేవాడు. ఒక్క కూతురు పొరుగూళ్ళో కాపురం. చంకలో పసిబిడ్డ, ఇంటినిండా పని. తన నొప్పి మొగుడికి చెప్పుకోవాలంటే మిషనక్క గొంతు చించుకోవాలి. "వేళ్ళు లాగేస్తున్నాయండీ అని వీధి చివరిదాకా వినపడేలా అరవాలి. అలా అరిచి చెప్పుకునే మాటా అది?" అంది నాతో.

మూడో ఏడు, నెలనెలా చేయించుకునే రక్తపరీక్ష కోసం వెళ్ళినప్పుడు, ఆసుపత్రి వరండాలో పొడుగు బెంచీ మీద ఒకావిడ పక్కన కూర్చుంది. యాభై దాటిన మనిషి, మంచి పొడగరి, తల చుట్టూ నీలం గుడ్డ బిగించి కట్టుకుంది. నీళ్ళ సీసా మూత తిప్పలేక ఇటు అందించింది. మిషనక్క కాసేపు కుస్తీ పట్టి, రాక, తిరిగి ఇచ్చింది. ఇద్దరూ ఒకరి చేతులు ఒకరు చూసుకున్నారు. ఒకే వంకర, ఒకే వాపు.

"నాలుగు చేతులు కలిపినా ఒక చెయ్యి బలం లేదు" అంది నీలం గుడ్డావిడ.

ఆ మాటకు ఇద్దరికీ నవ్వు ముంచుకొచ్చింది. ఆయా వచ్చి "ఇది ఆసుపత్రా, సంతా?" అని కసిరేదాకా ఆగలేదు. ఎవరితోనైనా కలిసి నవ్వి అప్పటికి ఎన్నాళ్ళయిందో మిషనక్కకి గుర్తు లేదట.

ఆవిడది పట్నానికి అవతలి వైపు పల్లె. అక్కడి పాలకేంద్రం చూస్తుంది. పొద్దునా సాయంత్రం పాలు పోయించుకోవడం, వెన్న శాతం చూడటం, క్యాన్లు నింపించి వ్యాను ఎక్కించడం ఆవిడ పని. ఫోను నంబర్లు రాసుకున్నారు. "నేను పెద్దదాన్ని, నన్ను వదినా అను. నిన్ను నేను మరదలా అంటే నోరు తిరగదు, నువ్వూ వదినవే" అని ఆవిడే తేల్చేసింది.

ఆ మర్నాటి నుంచి పొద్దున్నే ఆరింటికి ఫోను. ఇద్దరికీ ఒంట్లో ఒక్క కీలూ కదలని వేళ అది. పాలకేంద్రం తెరిచేది ఏడున్నరకి. ఫోను దిండు మీద పెట్టుకుని, కణుపుతో మీట నొక్కి, వెల్లకిలా పడుకుని మాట్లాడుకునేవారు.

"ఎందాకా వచ్చింది వదినా?"

"చిటికెన వేలు లేచింది. మిగతావాళ్ళింకా పడుకునే ఉన్నారు."

"మా ఇంట్లో బొటనవేలికి పెద్దరికం ఎక్కువ. అందరూ లేచి పన్లోకి దిగాక గానీ లేవదు."

వారానికోసారి, డాక్టరమ్మ రాసిన పసుపురంగు మాత్రలు మింగిన మర్నాడు ఇద్దరికీ కడుపులో తిప్పేది. ఆ రోజు మాటలు ఉండేవి కావు. ఫోను అలా తెరిచే ఉంచి, అవతలి మనిషి ఊపిరి వింటూ పడుకునేవారు. వేళ్ళు విచ్చుకునేదాకా అంతే.

పాలకేంద్రం వదిన మాటల్లో తరచూ ఒక కోడలు వచ్చేది. "ఉండు వదినా, మా కోడలు వేణ్ణీళ్ళు తెచ్చింది, చేతులు పెట్టుకుంటున్నా." "మా కోడలు తల దువ్వుతోంది. చిక్కు తీస్తుంటే ప్రాణం పోతోందనుకో." వింటూ మిషనక్క ఊ కొట్టేది. ఫోను పెట్టేశాక గోడకేసి తిరిగి పడుకునేది. తన చెయ్యి భుజం దాటి లేవదు. జుట్టు ముద్దకట్టి ఎన్నాళ్ళయిందో.

ఒకరోజు ఉండబట్టలేక మొగుడి మీద విరుచుకుపడింది. "వాళ్ళ కోడలు రోజూ తల దువ్వుతుందట!"

"ఎవరి గోడలు?" అన్నాడాయన.

"గోడలు కాదు, కోడలు! కో... డ... లు! ఆవిడ తల దువ్వుతుందట. నాకెవరున్నారు?"

ఆయన మిల్లుకి వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున ఆవిడ మంచం పక్కన దువ్వెన పట్టుకుని నిలబడ్డాడు. దుంగలు దొర్లించే చేతులు. మొదటిరోజు వేసిన జడ దుంగలకి కట్టే మోకులా ఉందట. రెండు గుంజులు గుంజడం, "నొప్పా?" అని అడగడం. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా కాదని తల ఊపేది. పదిరోజులకి చెయ్యి తిరిగింది.

అలా రెండేళ్ళు గడిచాయి. ఒక వానాకాలం సోమవారం ఫోను రాలేదు. తను చేస్తే అటు మోగి మోగి ఆగిపోయింది. మంగళవారం మోగనే లేదు. బుధ, గురువారాలూ అంతే. ఆ నాలుగు పొద్దుల్లో మిషనక్కకి తెలిసిందేమిటంటే, ఆ మనిషి ఊరి పేరు తప్ప తనకింకేమీ తెలియదు. కొడుకు పేరు అడగలేదు. ఇంకో నంబరు తీసుకోలేదు.

గురువారం తొమ్మిదింటికి బయల్దేరింది. రెండు బస్సులు మారాలి. జబ్బు చేశాక ఒంటరిగా కొత్త ఊరు వెళ్ళడం అదే మొదటిసారి. బస్సు మెట్టు ఎత్తుగా ఉండి కాలు లేవకపోతే వెనకనున్న ఒక కూరగాయలమ్మి భుజంతో పైకి నెట్టింది.

పాలకేంద్రం తలుపులు మూసి ఉన్నాయి. అరుగు మీద క్యాన్లు బోర్లించి ఉన్నాయి. ఎదురింటి గుమ్మంలో ఒకావిడ ఉంటే అడిగింది.

"వెనక గదే. నాలుగ్రోజులుగా తియ్యట్లేదు. ఒంట్లో బాలేదని కేకేసి చెప్పింది. మేం పాలు పక్కూరికి మోసుకుపోలేక చస్తున్నాం" అంది ఆవిడ.

"లోపలికెళ్ళి చూడలేదా ఎవరూ?"

"ఎప్పుడూ ఉండేదేగా ఆవిడకి."

"మరి వాళ్ళ కోడలు?"

"ఎవరి కోడలు?" అంది ఎదురింటావిడ.

వెనక గది తలుపు గడియకు, కొళాయి తిప్పుడుకు, గూటి తలుపుకు పొడుగాటి గుడ్డపేలికలు కట్టి ఉన్నాయి. వేళ్ళతో పనిలేకుండా మోచేత్తో లాగడానికి. లోపల ఒక మంచం, ఒక పొయ్యి, ఒకే కంచం. ఫోను నీళ్ళ బకెట్లో పడి ఉంది. పాలకేంద్రం వదిన మంచం మీద జ్వరంతో, ఎగశ్వాసతో పడుకుని ఉంది. తలకి గుడ్డ లేదు. జుట్టు చెవులదాకా, ఎగుడుదిగుడుగా కత్తిరించి ఉంది. ఎవరో కత్తిరించింది కాదు, తనే అద్దం లేకుండా కత్తిరించుకున్నది.

గుమ్మంలో మనిషిని చూసి ఆవిడ ముందు తలే దాచుకోబోయింది. చెయ్యి లేవలేదు.

మిషనక్కకి జాలి వెయ్యలేదట. కోపం వచ్చిందట. మంచం అంచున కూలబడి, "నీ కోడల్ని తలుచుకుని నేనెంత కుళ్ళుకున్నానో తెలుసా నీకు? మా ఆయన్ని ఎన్ని మాటలన్నానో తెలుసా?" అని అరిచింది.

పాలకేంద్రం వదిన కప్పు వైపు చూస్తూ, "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారే. నేను ఇంకో మెట్టెక్కి కోడల్ని కూడా తెచ్చుకున్నా" అంది. తర్వాత దగ్గు తెర కమ్ముకుంది. మిషనక్క ఆవిడ వీపు కింద చెయ్యి పెట్టి ఎత్తి కూర్చోబెట్టింది. ఆ వీపు తన వీపులాగే ఉందట, ఎముకలన్నీ చేతికి తగులుతూ.

మధ్యాహ్నం పక్కూరి పాలకోసం పోతూ పాలవ్యాను అటుగా వస్తే, డ్రైవరు పక్క సీట్లో ఇద్దరూ ఇరుక్కుని పెద్దాసుపత్రికి చేరారు. ఊపిరితిత్తుల్లో చీము పట్టిందన్నారు. ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే దక్కేది కాదన్నారు.

వార్డులో నర్సు, కాగితం నింపుతూ "మీరేమవుతారు?" అని మిషనక్కని అడిగింది.

"మా వదిన."

"అన్న భార్యా?"

"అవును."

లోపల రోగిని అడిగితే "మా తమ్ముడి భార్య" అంది. నర్సు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని బుర్ర గోక్కుంది. "ఇద్దరూ ఒకరికొకరు వదినలెలా అయ్యారమ్మా?" అంటే, "కుదిరింది" అంది మిషనక్క.

తొమ్మిది రోజులు పక్కనే ఉంది. చెంచా పట్టుకోలేని చేతులతో చెంచా పట్టుకోలేని మనిషికి తినిపించింది. ఒలికినంత ఒలికింది. ఆ తొమ్మిది రోజుల్లో నిజం కొద్దికొద్దిగా బయటికొచ్చింది. ముప్ఫయ్యో ఏట భర్త పోయాడు. పిల్లల్లేరు. పాలకేంద్రం, దాని వెనక గది, అంతే బతుకు. దువ్వుకోలేక ఒక పొద్దున జుట్టు తనే కత్తిరించేసుకుంది.

"ఎందుకు చెప్పలేదు నాకు?"

"మొదటిరోజు ఇంట్లో ఎవరున్నారని అడిగావు. ఎవరూ లేరంటే మనిషి మొహంలో ఒక జాలి వస్తుంది. అది చూడలేను."

"ఫోనులో మొహం కనపడదుగా."

"వినపడుతుంది వదినా."

మిషనక్క మొగుడు రెండోరోజు వచ్చి, వార్డు వార్డంతా ఉలిక్కిపడేలా "మన ముందుగది ఖాళీగానే ఉందిగా, తీసుకొచ్చెయ్" అన్నాడు. పాలకేంద్రం వదిన ఒప్పుకోలేదు. తన గది తనకుందంది. డిశ్చార్జి అయ్యాక మిషనక్క ఆవిడ వెంట ఆ ఊరు వెళ్ళింది. సాయంత్రం పాలు పోయడానికి వచ్చినవాళ్ళందరినీ అరుగు ముందు నిలబెట్టింది. "మీ పాలు విరిగితే వాసన చూసి పట్టేస్తారే, నాలుగ్రోజులు మనిషి పడిపోతే తలుపు తట్టలేదా?" అంది. మర్నాటి నుంచి రోజుకొకరు తలుపు తట్టేలా వంతులు వేసుకున్నారు. కొన్నిరోజులు తప్పినా మానలేదు.

ఆ తర్వాత రెండేళ్ళు పైచిలుకు బతికింది పాలకేంద్రం వదిన. ఆరింటి ఫోన్లు సాగాయి. కోడలు మళ్ళీ రాలేదు. ఆ జబ్బే మెల్లగా ఊపిరితిత్తుల్లోకి దిగి వాటిని గట్టిపరిచింది. ఒక వేసవి మధ్యాహ్నం అదే ఆసుపత్రిలో పోయింది. మిషనక్క దగ్గరే ఉంది.

"ఎవరో వదిన పోయిందట, మా ఆవిడ అన్నం ముట్టట్లేదు" అని మిషనక్క మొగుడు కిరాణా కొట్లో గట్టిగా చెబుతుంటే నేను విన్నాను. ఆవిడకు నాకు తెలియని వదిన ఎవరా అనుకున్నాను. ఏడేళ్ళ తర్వాత ఆ ముందుగదిలో అడుగు పెట్టాను. మూడు మధ్యాహ్నాలు కూర్చుంటే ఇదంతా చెప్పింది. మూడోరోజు నేను యూనిఫారాల మాట ఎత్తి, తప్పైపోయింది అక్కా అనబోయాను. "పిల్లలకి బట్టలు టైముకి అందాలి కదమ్మా" అంది. తిట్టినా బాగుండేది.

"ఇప్పుడు పొద్దున్నే ఏం చేస్తావక్కా?" అని అడిగాను.

"మెలకువ వస్తుంది. ఏమీ చెయ్యను" అంది. మిషను మీది దుప్పటి అంచు సర్దుతూ, "చాలా కష్టంగా ఉంది" అంది.

పోయిన నెల రక్తపరీక్షకి తోడు వెళ్ళాను. వరండాలో ఇరవై నాలుగేళ్ళ పిల్ల ఒకతి, ఒళ్ళో పాపను పెట్టుకుని కూర్చుంది. పాపను చేతులతో కాదు, మోచేతులతో పట్టుకుంది. మిషనక్క చూసి పక్కకి జరిగింది.

"కొత్తగా చెప్పారా?"

ఆ పిల్ల తల ఊపింది. ఏడుపు ఆపుకుంటోంది.

"ఇంట్లో చెప్పావా?"

"పని ఎగ్గొట్టడానికి అంటోంది మా అత్త. పొద్దున లేవలేకపోతే తలుపు బాదుతుంది. ఈ కాగితం చూపిస్తే నాకు చదువు రాదు పొమ్మంది."

"ఏ బస్సు మీది?"

వాళ్ళ ఊరు మాకు పూర్తిగా వ్యతిరేక దిక్కు. నేను ఏదో అనబోయేలోపే మిషనక్క ఆ బస్సెక్కడానికి నా భుజం పట్టుకుంది.

అత్తగారు గడపలో చేతులు కట్టుకుని నిలబడి అంతా విన్నది. మిషనక్క తన చేతులు ముందుకు చాచి చూపించింది. వంగిపోయిన వేళ్ళను ఆవిడ కన్నార్పకుండా చూసింది.

"ఇదెప్పటికి తగ్గుద్ది?" అని అడిగింది.

"తగ్గదమ్మా. మందులేస్తే ఇంతకన్నా ముదరకుండా ఉంటుంది. నేను ఆలస్యంగా మొదలెట్టా. ఈ పిల్లకి ఇంకా టైముంది. పొద్దున ఒక్క గంట వదిలెయ్యండి. ఆ గంట పాపని మీరెత్తుకోండి."

ఆవిడ కోడలి ఒళ్ళోంచి పాపను తీసుకుని, భుజాన వేసుకుని లోపలికి వెళ్ళింది. "పొద్దున ఆరింటికి చెయ్యి" అని మిషనక్క చెబితే ఆ పిల్ల నంబరు రాసుకుంది.

తిరుగు బస్సు కోసం గంటన్నర రోడ్డు మీద నిలబడ్డాం.